చదువు అనే మాట

తెలుగువారి ఇంటిలో తెల్లవారినది మొదలు ఈ మాట ఎన్నిమార్లు వినబడుతుందో లెక్క పెట్టడం కష్టం. "లేచి చదువుకో నాయనా" అని తల్లి బిడ్డను లేపుతుంది. "పత్రికలో ఏమున్నదో చదువు, వింటాను" అని కళ్ళజోడు చేతికి దొరకని తాతగారు మనుమడిని పిలుస్తారు. పక్కయింట వ్రతం జరుగుతున్నది. పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. వీధి చివర పందిట్లో పెండ్లి. మేనమామగారు పెండ్లికూతురికి వేయినూటపదహార్లు చదివించినారని అందరికీ వినబడేట్టు ఎవరో చెబుతున్నారు. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి మాత్రం, "మా రెండవవాడికి చదువు అబ్బలేదండీ" అని నిట్టూరుస్తున్నాడు.

అయిదు వాక్యాలలోనూ మాట ఒక్కటే. అర్థం ఏ రెండింటా ఒకటి కాదు. పురోహితుని ముందు పుస్తకం లేకపోవచ్చు. అయినా ఆయన చదువుతున్నట్లే. మేనమామగారికి అక్షరజ్ఞానం లేకపోవచ్చు. అయినా ఆయన చదివించినట్లే. రెండవవాడు పుస్తకం తెరిచి గంటల తరబడి చదివి ఉండవచ్చు. అయినా వానికి చదువు రానట్లే. పుస్తకానికీ ఈ మాటకూ ఉన్న బంధం మనం అనుకునేటంత గట్టిది కాదని ఈ మూడు సంగతులే చెబుతున్నవి.

నిజానికి చదువు మొదట కంటికి సంబంధించిన పని కాదు, నోటికి సంబంధించిన పని. పద్యం చదవడం అంటే రాగయుక్తంగానో, కనీసం పదవిభాగం తెలిసేటట్లుగానో పైకి పలకడం. స్తోత్రం చదువుతాము, మంత్రం చదువుతాము. తెలుగు మాట్లాడే ముస్లిములు నమాజు చదువుతామంటారు. కోపం వచ్చినవాడు ఎదుటివానికి అష్టోత్తరం చదువుతాడు. గోడు వెళ్ళబోసుకునేవాడు దండకం చదువుతాడు. వీటిలో దేనికీ కాగితంతో పని లేదు. ప్రాచీన కవులు వేదాలను చదువులన్నారు; సరస్వతిని చదువులతల్లి అన్నారు. వేదం వ్రాత మీద నిలిచినది కాదు, గురుముఖం నుండి శిష్యుని నోటికి వచ్చినది. అటువంటి వేదానికే చదువు అని పేరు పెట్టిన భాషలో ఈ మాటకు మూలార్థం ఉచ్చారణే అని వేరుగా నిరూపించవలసిన అవసరం లేదు.

ఇది తెలుగుకు మాత్రమే చెల్లిన విశేషం కాదు. కన్నడులు చదవడాన్ని ఓదు అంటారు. ఆ ఓదు తమిళంలో వేదమంత్రాదులను వల్లించడానికి చెల్లుతుంది. సంస్కృతంలో పఠించడం, పాఠం, పాఠశాల అన్నీ ఒక్క ధాతువు బిడ్డలే. అక్కడ కూడా పలకడమే ముందు. మన బడులలో తెలుగు పుస్తకానికి చిరకాలంగా ఉన్న పేరు వాచకం. వాక్కుతో పుట్టిన మాట అది. పుస్తకాన్ని చేత పట్టుకొని పెదవి కదపకుండా చదివే అలవాటు, ఈ మాటల వయస్సుతో పోల్చి చూస్తే, నిన్నమొన్నటిది. ఒకరి ముఖం చదవడం, మనసు చదవడం అనే ప్రయోగాలు కూడా ఇంగ్లీషు నుడికారం వెంట వచ్చినవే కాబోలు. ముఖం చూసి పసిగట్టడం మన పాత వాడుక.

పెండ్లి చదివింపుల సంగతి ఇక్కడ కొంత ఆగి చూడదగినది. చదివించు అంటే చదివేటట్లు చేయు. బిడ్డను చదివించడమంటే ఖర్చు పెట్టి బడికి పంపడం. మరి నూటపదహార్లు చదివించడమేమిటి? పందిట్లో కానుక ఇచ్చినవారి పేరు, ఇచ్చిన మొత్తం నలుగురి ఎదుట పైకి చదవబడుతుంది. ఒకరు పద్దు వ్రాస్తూ ఉంటే ఒకరు గొంతెత్తి చెబుతారు. ఇచ్చినవాడు తన కానుకను ఆ విధంగా చదివిస్తాడు. చేతిలో చాటుగా పెట్టిన రూపాయలు చదివింపులు కావు. సభ విన్నప్పుడే అవుతవి. ఇచ్చిన సొమ్ముకు సభ యావత్తూ సాక్షి. రేపు తన ఇంట శుభకార్యమైనప్పుడు ఆ సాక్ష్యం పనికి వస్తుంది కూడా. తరువాతి కాలంలో లోకం ఈ మాటను వెక్కిరింతకు వాడుకొన్నది. కచేరీలో పని కావడానికి వంద రూపాయలు చదివించుకొన్నాము అంటారు. అక్కడ ఎవరూ పైకి చదవరు సరికదా, ఎవరి చెవినా పడకూడదు! మాట ఒకటే అయినా మర్యాద తలక్రిందులైనది.

నోటికి సంబంధించిన ఈ చదువు బడిలో ఎట్లా ఉండేది? వీధిబడిలో పిల్లవాడు మొదట ఇసుకలో వేలితో అక్షరం దిద్దేవాడు. దిద్దుతూ నోటితో పలికేవాడు. "ఓం నమశ్శివాయ, సిద్ధం నమః" అన్న ఆ తొలి పాఠమే నలిగి నలిగి ఓనమాలు అయినది. సిద్ధులకు నమస్కారం జైనుల బడుల నుండి మిగిలి వచ్చినదని కొందరు పండితుల అభిప్రాయం. ఆ పైని పలక, బలపం. అటుపైని తాటాకు, గంటం. అయ్యవారు వ్రాసి యిచ్చిన మేలుబంతికి ఒజ్జబంతి అని పేరు. ఒజ్జ అంటే ఉపాధ్యాయుడే; ఆ సంస్కృతపదమే ప్రాకృతం మీదుగా అరిగి మనకు ఈ రూపంలో చేరినది. పాఠం వచ్చేవరకు పదే పదే పైకి అనడం వల్లె వేయడం. వచ్చిన తరువాత అయ్యవారి ఎదుట నిలిచి అప్పజెప్పడం.

అప్పజెప్పు అనే మాట ఎంత కచ్చితమైనదో చూడండి. సొమ్మును కాపుదారుకు అప్పజెబుతాము, ఇంటి తాళాలు యజమానికి అప్పజెబుతాము. ఒకరి చేతి వస్తువును చెక్కు చెదరకుండా తిరిగి ఒప్పగించడం అన్నమాట. పాఠం కూడా అటువంటిదే. అయ్యవారు ఇచ్చినది ఇచ్చినట్టు, పొల్లు పోకుండా తిరిగి ఆయనకే చెల్లించాలి. ఆ వస్తువును మధ్యలో పిల్లవాడు విప్పి చూచినాడా, దానిలో ఏమున్నదో తెలుసుకొన్నాడా అనే ప్రశ్న ఆ మాటలో లేదు.

ఆ ప్రశ్నను రెండు వందల ఏండ్ల క్రిందట ఒక దొర అడిగినాడు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని దేశీయ పాఠశాలల లెక్కలు పంపవలసినదని కలెక్టర్లందరినీ కోరినాడు. బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన జాబు వానిలో మిక్కిలి వివరమైనది. ఆయన తెలుగు వ్యాకరణం వ్రాసిన పండితుడు కూడా. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్ళారి జిల్లాలోనే ఉండేది. 1882లో గాని అది వేరు జిల్లా కాలేదు. క్యాంబెల్ లెక్క ప్రకారం జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల పైచిలుకు. బడులు 533. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి మరాఠీ, పారసీ, తమిళం మొదలైనవి, బ్రాహ్మణుల విద్యాస్థానాలు. ఇంగ్లీషు బడి ఒకే ఒక్కటి. అన్నింటా కలిసి చదువుకొనేవారు 6,641 మంది. అందులో బాలికలు 60 మంది.

క్యాంబెల్ ఆ బడులను ఊరికే తీసిపారవేయలేదు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు పాఠం చెప్పే పద్ధతిని మెచ్చుకొన్నాడు. ఇంగ్లండు కూడా దానిని అనుకరించినదని వ్రాసినాడు. బడికి అందరికన్న ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారనీ, రెండవవానికి సున్న చుట్టేవారనీ, మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆ పై వచ్చేవారికి ఒక్కొక్కటి ఎక్కువ పడేవనీ ఆయన వర్ణన. శ్రీ, చుక్క అనే పేర్లతో ఇదే ఆచారం మన వీధిబడులలో చాలాకాలం నిలిచినది. ఆలస్యంగా వచ్చేవాడు ఆ దెబ్బలు లెక్కపెట్టుకుంటూ ఇంటినుండి బయలుదేరేవాడేమో!

అయితే క్యాంబెల్‌కు మింగుడు పడని సంగతి ఒకటున్నది. బడిలో చదివించే పుస్తకాలు పద్యకావ్యాలు. వాటి భాష నిత్యం మాట్లాడే భాష కాదు. పిల్లవాడు లెక్కలేనన్ని పద్యాలు తప్పు లేకుండా ఒప్పజెప్పగలడు గాని, వాటి అర్థం వానికి చిలుకకు తెలిసినంతే తెలుసునని ఆయన ఫిర్యాదు. ఎక్కువమంది గురువులకూ తెలియదని కూడా మొగమాటం లేకుండా వ్రాసినాడు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగి మన బడిని గురించి చెప్పిన మాట గనుక దానిని కొంత తగ్గించి పుచ్చుకొనవచ్చు. ధారణ వట్టి చిలుకపలుకు కాదు. చిన్ననాడు అర్థం తెలియక నేర్చిన పద్యం నలభై ఏండ్ల వయస్సులో హఠాత్తుగా అర్థమైన అనుభవం మన పెద్దలలో చాలామందికి ఉన్నది. కాని ఫిర్యాదులోని అసలు విషయం మాత్రం కాదనలేనిది. ఆ బడి భాషలో చదివినాడు అంటే పలికినాడు అని అర్థం. గ్రహించినాడా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే మాట కావాలి. ఆ వేరే మాటను బడి అడగలేదు.

పోతన భాగవతంలోని ప్రహ్లాద చరిత్ర ఒక విధంగా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతుంది. కొడుకును ఒడిలో కూర్చుండబెట్టుకొని, ఏమి చదివినావో చెప్పమని తండ్రి ముచ్చటపడి అడుగుతాడు. చండామార్కులు నేర్పినది ఒకటి, బాలుడు చెప్పినది వేరొకటి. అప్పజెప్పవలసిన చోట పిల్లవాడు తాను గ్రహించినది చెప్పినాడు. కథలోని కష్టమంతా అక్కడే మొదలైనది.

ఈ చిక్కులోని హాస్యాన్ని పట్టుకొన్నవాడు గురజాడ. కన్యాశుల్కంలో వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు మాట్లాడగా వినాలని కోరిక. గిరీశం, వెంకటేశం ఆమె ఎదుట నిలిచి సంభాషణ సాగిస్తారు. ఒకరు ఇంగ్లీషు బాలగేయంలోని పాదం అంటే, ఒకరు రీడరులోని వాక్యం అంటారు. ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. తల్లి మురిసిపోతుంది. ఆమె మోసపోయినదని నవ్వుకుంటాము. కాని ఆమె కోరినది చదువు వినడం. అది ఆమెకు వినబడినది. చదువు అంటే చెవికి ఇంపుగా ఉండే తెలియని శబ్దమని తరతరాలుగా బడి చెప్పిన పాఠాన్నే ఆమె నమ్మినది. సంస్కృతం పోయి ఇంగ్లీషు వచ్చినది, అంతే తేడా.

గిడుగు రామమూర్తి (1863–1940) ఉద్యమానికి కూడా వేరు ఇక్కడే ఉన్నది. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పాఠశాలల పర్యవేక్షణాధికారిగా వచ్చిన జె. ఏ. యేట్సు దొరకు, తాను వినే తెలుగు ఒకటి, పుస్తకాలలోని తెలుగు మరొకటి ఎందుకైనవని సందేహం కలిగినది. ఆ సందేహం గిడుగు చేతిలో మహావాదమైనది. వ్యావహారిక వాదాన్ని కవుల కలహంగా చెప్పుకోవడం మనకు అలవాటైపోయినది గాని, అది మొట్టమొదట బడిపిల్లల సమస్య. వ్రాసిన మాట వానికి తెలియనప్పుడు వాడు పలకడం తప్ప మరేమి చేయగలడు? సవర బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి గిడుగు సొంత సొమ్ము పెట్టి బడులు నడిపిన విషయం ఈ దృష్టితో చూస్తే గాని పూర్తిగా బోధపడదు.

ఇంతకూ, పలకడానికీ గ్రహించడానికీ భేదం చెప్పగల శక్తి తెలుగుకు లేదా అంటే, దివ్యంగా ఉన్నది. అయితే ఆ శక్తి చదువు అనే మాటలో లేదు. దాని పక్కన చేరే చిన్న క్రియలలో ఉన్నది.

అన్నిటిలోకి ముఖ్యమైనది కొను. వండినది అంటే ఎవరికి వండినదో తెలియదు. వండుకొన్నది అంటే తన కోసమే. కట్టు, కట్టుకొను, చెప్పు, చెప్పుకొను. క్రియాఫలం చేసినవానికే చెందుతుందని చెప్పే ఈ కొనును వ్యాకరణవేత్తలు ఆత్మార్థకమంటారు. చదువు పక్కన ఇది చేరగానే అర్థం లోపలికి తిరుగుతుంది. ఉపాధ్యాయుడు తరగతిలో "పైకి చదువు" అంటాడు. పైకి వద్దనుకుంటే "లోపల చదువుకో" అంటాడు. "పైకి చదువుకో" అన్నా వ్యాకరణానికి లోటు లేదు గాని, చెవికి ఏదో తేడాగా ఉంటుంది. మౌనపఠనానికి తెలుగు వేరే మాట కల్పించుకోలేదు. కొను చేర్చి ఊరుకొన్నది.

ఉత్తరం చదివినాడు, ఉత్తరం చదువుకొన్నాడు అనే రెండింటిని పోల్చండి. మొదటి దానిలో వినేవారు ఉండవచ్చు. రెండవ దానిలో ఒక మూల కూర్చున్న ఒంటరి మనిషి కనబడతాడు. ఆ ఉత్తరం అతనిది, దానిలోని కష్టసుఖాలు అతనివి. మూడవ రూపం ఒకటున్నది: చదివిపెట్టు. టపావాడు ఇచ్చిపోయిన జాబు చేతపట్టుకొని, "కాస్త ఇది చదివిపెట్టు బాబూ" అని బడిపంతులు దగ్గరకో, అయిదో తరగతి పిల్లవాని దగ్గరకో వచ్చిన తల్లులు మన పల్లెలలో వేలకు వేలు. చదివేది ఒకరు, కన్నీరు పెట్టుకొనేది ఒకరు. కొడుకు పంపిన రహస్యం పరాయివాని నోట వినవలసిన ఆ నిస్సహాయత అంతా పెట్టు అనే రెండక్షరాలలో ఉన్నది.

తెలివికి సంబంధించిన క్రియలు దాదాపు అన్నీ ఈ కొనును కోరుకొనడం కూడా గమనించదగినదే. నేర్చుకొంటాము, తెలుసుకొంటాము, అర్థం చేసుకొంటాము, గుర్తు పెట్టుకొంటాము. ఎదుటివాడు చేయగలిగినది నేర్పడం, చెప్పడం, చదివించడం వరకే. ఆ తరువాతి పని విద్యార్థిదే అని మన వ్యాకరణం ఏనాడో తేల్చివేసినది. చదువుకొనడమూ చదువు కొనడమూ ఒకటైపోయినవని ఈ కాలంలో అందరూ ఆడే చమత్కారం ఒకటున్నది. ఫీజులు చూచి కడుపు మండి అనే మాట అది. అందులో సత్యం లేకపోలేదు. కాని భాష సంగతి వేరు. అంగడిలో కొనడమూ, తనకై చేసికొనడమూ చివరికి ఒకే క్రియ. పుచ్చుకొనడం, స్వీకరించడం దాని అర్థం. వెల మాట తరువాతిది.

చదువుకొన్నవాడు అనే మాట మాత్రం ఎటో దారి తప్పినది. చదువుకొన్నవాడు అంటే ఇప్పుడు పట్టా ఉన్నవాడు. నిత్యం రామాయణ భారతాలు పారాయణం చేసే రైతును ఎవరూ చదువుకొన్నవాడనరు. పట్టా చేతికి వచ్చిన నాటి నుండి పుస్తకం ముట్టనివాణ్ణి అందరూ అంటారు. చదువరి అనే చక్కని పాతమాట మనకు ఉన్నది. నిరంతరం చదివేవాడని దాని అర్థం. అది వాడుకలో సన్నబడిపోయినది. చదువుకొన్నవారు పెరిగినంతగా చదువరులు పెరగలేదని గ్రంథాలయాలు నడిపేవారు చెప్పనే చెబుతారు.

చదువుకూ విద్యకూ ఉన్న సరిహద్దు మరొక చిత్రం. విద్య తెలియడానికి సంబంధించిన సంస్కృతపదం. తెలుగులో అది చేతిపనికీ చెల్లుతుంది. నేత ఒక విద్య, వడ్రంగం ఒక విద్య, గారడీ కూడా విద్యే. కాని నేత చదివినాడని ఎవరూ అనరు. నేత నేర్చినాడనే అంటారు. అదే ఇంజనీరింగు అయితే చదువుతాడు, వైద్యమైతే చదువుతాడు. "మా అమ్మాయి డాక్టరు చదువుతున్నది" అనడంలో ఎవరికీ వింత తోచదు. రోగి నాడి పట్టుకొనడం కూడా చేతిపనే గదా, చెక్కకు నునుపు పెట్టడమూ చేతిపనే గదా అని అడిగితే భాష దగ్గర సమాధానం లేదు. సంఘం దగ్గర ఉన్నది. పుస్తకం ఉన్న పనికి చదువు, పుస్తకం లేని పనికి నేర్పు. ఏది గౌరవం, ఏది కూలి అన్నది ఆ రెండు మాటల మధ్యనే నిర్ణయమైపోయినది. నేర్పు అనే మాట ఒక్కటే బోధించడానికీ నైపుణ్యానికీ చెల్లుతుంది. అంత అందమైన మాటను వడ్రంగికి విడిచిపెట్టి బడి చదువును ఉంచుకొన్నది. బేరం వడ్రంగికే లాభించినదేమో.

చదువూ సంధ్యా అనే జంటలోనూ ఇటువంటి జాడే ఉన్నది. అక్కడ చదువు వేదాధ్యయనం, సంధ్య సంధ్యావందనం. ఆ రెండూ ఎవరికి ఉండేవో, ఎవరికి ఉండేవి కావో చెప్పనక్కరలేదు. ఈనాడు ఏ కులపు పిల్లవానినైనా "చదువూ సంధ్యా లేకుండా తిరుగుతున్నా"డని తండ్రి కేకలు వేస్తాడు. మాటలోని మడి కాలక్రమాన కరిగిపోయినది.

లోకం చదువును ఊరికే పూజించలేదు. చదవకముందు కాకరకాయ, చదివిన తరువాత కీకరకాయ అన్నది. చదవేస్తే ఉన్న మతి పోయినదన్నది. అరకొరగా సాగినదానిని వానాకాలపు చదువు అన్నది. ఈ సామెతలు చదువుకు శత్రువులు చెప్పినవి కావు. నోట పలికినది బుద్ధికి చేరకపోతే ఏమవుతుందో చూచినవారు చెప్పినవి. అదే లోకం, చేరినప్పుడు ఒంటబట్టినదన్నది. తిన్న తిండి ఒంటబట్టినట్లే చదువు ఒంటబడుతుంది; లేదా పడదు. అబ్బడం, వంటబట్టడం, తలకెక్కడం అనే ఈ మాటలన్నీ క్యాంబెల్ ప్రశ్నకు ఆయన పుట్టకముందే తెలుగువారు చెప్పుకొన్న సమాధానాలు. బడిలో ఉపాధ్యాయుడు "చదివినావా?" అని అడుగుతాడు, ఇంటివద్ద అవ్వ "ఒంటబట్టినదా?" అని అడుగుతుంది. ఈ రెండింటిలో అవ్వ అడిగిన ప్రశ్నే కఠినమైనది.

ఇక చదువు లేకపోవడాన్ని తెలుగు మూడు విధాల చెబుతుంది. ఈ మూడూ ఒకటి కావు. "నాకు చదువు రాదు" అనడం ఒకటి. ఇందులో మనిషి కర్త కాడు. చదువే రావలసినది, అది రాలేదు, వాన రానట్లు. "నేను చదువుకోలేదు" అనడం రెండవది. ఇక్కడ చేయవలసినవాడు తాను, చేయలేదు. "నన్ను చదివించలేదు" అనడం మూడవది. ఇక్కడ తప్పు తన మీద లేదు. చదివించవలసిన మరొకరి మీద ఉన్నది. కాగితం మీద వేలిముద్ర వేసే పల్లెటూరి స్త్రీ మొదటి వాక్యాన్నే అంటుంది. వర్షం గురించి చెప్పినంత సహజంగా అంటుంది. నిజానికి ఆమె చెప్పవలసినది మూడవ వాక్యం. బళ్ళారి లెక్కలో 6,641 మందికి 60 మంది బాలికలంటే, తక్కినవారికి చదువు రాలేదని కాదు, చదివించలేదని. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికలకు బడి పెట్టినప్పుడు ఆయన చేసినది ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరాన్ని గుర్తించడమే.

ఆ దూరం ఇంకా తరగవలసే ఉన్నది. 2011 జనగణన నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేండ్లు నిండినవారిలో నూటికి 67 మంది అక్షరాస్యులని తేలినది. జనగణనవారు అక్షరాస్యుడనడానికి పెట్టుకొన్న నియమం ఇక్కడ జ్ఞాపకం చేసుకోదగినది. ఏదో ఒక భాషలో, అర్థం తెలిసి, చదవనూ వ్రాయనూ రావాలి. అర్థం తెలిసి అనే రెండు మాటలు అక్కడ అలంకారానికి పెట్టినవి కావు.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినది. పగలంతా కూలిపనులు చేసిన స్త్రీలు రాత్రి లాంతరు వెలుగున చేరి పలకలు పట్టినారు. ఒకరు చదివితే తక్కినవారు వినడం, విన్నదానిని గురించి మాట్లాడుకొనడం ఆ బడుల పద్ధతి. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు వలన కూలిన ఒక సంసారం, ఊరి ఆడవారంతా కలిసి సారా దుకాణం మూయించడం అందులోని కథ. ఇటువంటి పాఠాలను అప్పజెప్పి ఊరుకొనడం బడులలో కొత్త కాదు. దూబగుంట గ్రామంలో స్త్రీలు అప్పజెప్పలేదు. సీతమ్మ ఎవరని ప్రశ్నించుకొన్నారు. తమ ఇండ్లలోనే ఆమె ఉన్నదని తేల్చుకొన్నారు. కలిసి వెళ్ళి ఊరిలోని సారా దుకాణం మూయించినారు. సంగతి ఊరినుండి ఊరికి ప్రాకి జిల్లా దాటినది. 1993లో రాష్ట్రమంతటా సారాను నిషేధిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు చేసినది.

పాఠాలు వ్రాసేవారు ఆ తరువాత చేసిన పని ఒకటున్నది. దూబగుంట స్త్రీల కథను తెచ్చి తరువాతి వాచకంలో పాఠంగా చేర్చినారు. పొరుగు ఊళ్ళ రాత్రిబడులలో దానిని కొత్తగా అక్షరాలు నేర్చినవారు ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, పైకి చదివినారు.